తండ్రిని మట్టి చేయాలన్న కోరిక

ఆదోని పత్తి వ్యాపారి రంగనాయకులు శెట్టి కొడుకు బాలకృష్ణ మద్రాసులో పెద్ద చదువు చదివి వచ్చి, ఏ ఉద్యోగమూ చేయకుండా, ఆదివారం సాయంత్రాలు మా అందరికీ జ్ఞానం పంచేవాడు. యుద్ధం మొదలయ్యే ముందు ఏడాది మాట ఇది. తండ్రి మండీ మీది మేడగదే ఆయన సభ. కింద పత్తి బోరేలు, పైన సిద్ధాంతాలు. నేను అప్పట్లో కోసిగి పక్కన ఒక పల్లెలో బడిపంతుల్ని. చదువుకున్నవాడితో నాలుగు మాటలు మాట్లాడి చాలా కాలమైందని, ఆదివారం కోసిగిలో రైలెక్కి ఆదోని పోయేవాణ్ణి. అక్కడ కాఫీ కూడా ఇచ్చేవాళ్లు, ఆ సంగతి దాచడమెందుకు.

ఆయన చెప్పేది వినడానికి బాగానే ఉండేది. సమాజమంటే మనుషుల గుంపు కాదట. మనం పుట్టకముందే బయట ఉండి, మనం పుట్టగానే మన మీద కూర్చునే ఒక బరువట. పంచె ఎట్లా కట్టాలి, ఎవరి ముందు చెప్పులు విడవాలి, చావింట్లో ఎంత గట్టిగా ఏడవాలి అన్నవి కూడా మన ఇష్టాలు కావని ఫ్రాన్సు పండితుడొకాయన రుజువు చేశాడని చెప్పేవాడు. "ఆ బరువు మీకు తెలియడం లేదంటే అది లేదని కాదు, మీరు దానికి ఎదురు తిరగలేదని" అనేవాడు. ఇంకో ఆదివారం, దేవుడి మీద భక్తికీ వ్యాపారంలో లాభానికీ సంబంధం ఉందని జర్మనీ పండితుడొకాయన తేల్చాడని చెబితే ముందు వరుసలోని వర్తకులు చప్పట్లు కొట్టారు. ఆ లాభాల వేటే చివరికి మనిషికి ఇనుప పంజరమైందని కూడా ఆ పండితుడే అన్నాడని చెప్పేసరికి వాళ్లకు భోజనం వేళ గుర్తొచ్చింది.

అన్నిటికంటే ఆయనకు ఇష్టమైంది వియన్నా వైద్యుడొకాయన కనిపెట్టిన మనసు సంగతి. "మన పల్లెల్లో జొన్నలు దాచే పాతర ఉంది కదా, మనసులోనూ అలాంటిదే ఒకటుంది. సమాజం ఒప్పుకోని కోరికలన్నీ అందులో పడేసి పైన బండ మూస్తాం. అవి చావవు. కలల్లోనో, నోరు జారిన మాటల్లోనో పైకి వస్తాయి" అనేవాడు. ఆ కోరికల్లోకెల్లా పాతది, ప్రతి కొడుకులోనూ ఉండేది, తండ్రి చావాలన్న కోరికట. దానికి భయపడే మనిషి తండ్రి గొంతును తీసుకెళ్లి తన తలలో కూర్చోబెట్టుకుంటాడట. మనస్సాక్షి అని మనం మురిసిపోయేది ఆ గొంతునేనట. పాతర తెరిచిన వెంటనే దిగితే లోపలి గాలికి మనిషి చస్తాడని, మూత తీసి గాలి ఆడనిచ్చాకే దిగాలని మా పల్లెలో పసివాళ్లకు కూడా తెలుసు. బాలకృష్ణ పాతరను మాటల్లో తప్ప ఎన్నడూ చూసి ఉండడు.

మారెమ్మ నేను పనిచేసిన పల్లె మనిషి. బోయ గిడ్డయ్యకు ఒక్కతే బిడ్డ. మగపిల్లలు పుట్టి పుట్టి పోయారు, తల్లీ పోయింది. కొడుకు లేని ఇంటికి ఆ పల్లెలో విలువ లేదు. మనిషి చచ్చిపోతే నీళ్లకుండ భుజాన పెట్టుకుని గుంత చుట్టూ తిరిగేది కొడుకే, మొదటి పిడికెడు మన్ను వేసేది కొడుకే. కొడుకు లేనివాళ్ల కోసం అక్కడ ఒక ఆచారం ఉండేది. కూతుర్ని గుడికి ఇచ్చి బసివిగా వదులుతారు. నిమ్మకాయ గుచ్చిన కత్తిని పిల్ల పక్కన నిలబెట్టి, దాన్నే పెళ్లికొడుకనుకుని తాళి కట్టిస్తారు. ఆ రోజు నుంచి ఆ పిల్ల ఆ ఇంటికి కొడుకు. మళ్లీ పెళ్లి లేదు. ఇష్టమైన మగవాడు ఇంటికి వచ్చి పోవచ్చు, పిల్లలు పుడితే తాత ఇంటిపేరే. పొలం ఆమెది, నాగలి ఆమెది, తండ్రి పోయిననాడు కుండ ఆమెది.

ఇది మంచి ఆచారమని నేననను. పన్నెండేళ్ల పిల్లను కత్తికి కట్టబెట్టేటప్పుడు ఆ పిల్లను ఎవరూ అడగలేదు. కానీ అది ఊరు ఆమెతో చేసుకున్న ఒప్పందం. ఊరు తను తీసుకోవలసింది, అంటే మొగుణ్ణీ సంసారాన్నీ, ఆ రోజే తీసేసుకుంది. ఇవ్వవలసింది మాత్రం తండ్రి చచ్చే రోజున ఇవ్వాలి.

నేను ఆ ఊరు పోయేసరికి మారెమ్మకు పాతికేళ్లు దాటి ఉంటాయి. తలకు రుమాలు చుట్టి మగవాళ్లతో సమానంగా గుంటక తోలేది. ఊరి చావడిలో మగవాళ్ల పక్కనే కాళ్లు మడుచుకుని కూర్చునేది, ఆకూవక్కా అందుకునేది. గిడ్డయ్య ఆమెను "అప్పా" అని పిలిచేవాడు, కొడుకును పిలిచినట్లు. కోసిగి నుంచి మాదన్న అనే రాతిపని మనిషి కొన్నేళ్లు ఆ ఇంటికి వచ్చి పోయేవాడు. మంచివాడు, తాగేవాడు కాదు. ఒక కరువు ఏడాది పల్లెలు పల్లెలే మూటలు కట్టి బొంబాయి వైపు పనులకు పోతుంటే, తనతో రమ్మన్నాడు, అక్కడ మనల్ని ఎరిగినవాళ్లు ఉండరు, పెళ్లి చేసుకుని ఉందామన్నాడు. ఆమె పోలేదు. ఎందుకు పోలేదని ఒకసారి నేనే అడిగాను.

"నేను పోతే మా నాయన్ను మట్టి సేసేదెవురు అయివోరా?" అంది. మట్టి చేయడమంటే పూడ్చిపెట్టడం.

ఆ మాట చెప్పేటప్పుడు ఏడవలేదు, గొప్పగానూ చెప్పలేదు. ఎద్దులకు మేత వేసేదెవరని అడిగినట్లు అడిగింది. మాదన్న పోయినవాడు తిరిగి రాలేదు.

నేను మేడ సభలకు పోయే ఏడు, పత్తి ఏరాక మారెమ్మ బండి కట్టుకుని ఆదోని వచ్చింది. వెనక ఇంకో బండిలో నరసప్ప. నరసప్ప గిడ్డయ్య తమ్ముడి కొడుకు. మారెమ్మను బసివిగా వదలకపోతే ఆ పొలమూ ఆ కుండా తనకే వచ్చేవని ఊళ్లో అందరికీ తెలుసు, అతనికి ఇంకా బాగా తెలుసు. మండీ ముందర రుమాలు చుట్టుకుని ఎద్దుల్ని విప్పుతున్న ఆడమనిషిని బాలకృష్ణ మేడ మీది నుంచి చూశాడు. గుమాస్తాను అడిగి బసివి సంగతి తెలుసుకున్నాడు. ఇంకేముంది, పంచె ఎగగట్టుకుని మెట్లు దిగి వచ్చాడు. మా ఖర్మకొద్దీ ఆ రోజు ఆదివారం.

"ఒకసారి పైకి రావమ్మా. నేను అడిగినదానికి జవాబు చెబితే చాలు" అన్నాడు.

"బండి కాటా కావాల సామీ" అంది మారెమ్మ.

"కాటా సంగతి నేను చూసుకుంటాను."

చిన్నశెట్టే స్వయంగా పిలిస్తే రానని ఎట్లా అంటుంది? చేతులు పైటకు తుడుచుకుని మేడెక్కింది. నరసప్ప వెనకాలే వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. లోపల అందరికీ కుర్చీలున్నాయి, ఆమెను కూర్చోమనలేదు, ఆమే నేల మీద కూర్చుంది.

"ఇన్నాళ్లూ పుస్తకాల్లోని ఉదాహరణలు చెప్పాను. ఈ రోజు ఉదాహరణే మన ముందు కూర్చుంది" అని మొదలుపెట్టాడు బాలకృష్ణ. ఆమె పేరు, ఊరు, తండ్రి పేరు సభ ముందర అడిగి చెప్పించాడు. కత్తితో పెళ్లి సంగతి చెప్పించాడు. కుర్చీల్లోని పెద్దమనుషులు సంతలో ఎద్దును చూసినట్లు చూశారు. నాకు ఒళ్లు మండింది. చివరికి ఆయన కొంచెం ముందుకు వంగి, గొంతు తగ్గించి అడిగాడు.

"నీ మనసులో అన్నిటికంటే పెద్ద కోరిక ఏమిటి? సిగ్గుపడకుండా చెప్పు."

మొగుడు కావాలంటుందని, పిల్లలు కావాలంటుందని ఆయన ఎదురుచూస్తున్నట్లు ముఖం చూస్తేనే తెలుస్తోంది. మారెమ్మ రుమాలు సర్దుకుని చెప్పింది.

"మా నాయన్ను నా సేతుల్తో మట్టి సెయ్యాల సామీ. అంతే. ఇంగేం లేదు."

ఎవరో కిసుక్కున నవ్వారు. బాలకృష్ణ నవ్వలేదు. బల్ల మీద చేత్తో చరిచాడు.

"విన్నారా! కొడుకుగా పెంచారు, కొడుకు కోరికే పుట్టింది. తండ్రి చావు! ఎన్నేళ్లుగానో లోపల దాచుకున్నది ఈ రోజు మన ముందు నోరు తెరిచింది. కర్మకాండ అనే గుడ్డ కప్పి సమాజం దాన్ని ఎంత అందంగా దాచిందో చూడండి. ఈమె తండ్రి చావును కోరుతున్నది. ఆ సంగతి ఈమెకే తెలియదు. తెలియకపోవడమే రుజువు."

నేను లేచాను. "తండ్రి చావాలని ఆమె అనలేదండీ. చచ్చిననాడు కొడుకు చేయవలసింది తను చేయాలంటోంది" అన్నాను.

"పంతులుగారూ, మీరు పైమాట వింటున్నారు. నేను లోపలి మాట వింటున్నాను" అన్నాడు. సభ చప్పట్లు కొట్టింది.

లోపలి మాట వినేవాడితో ఏం వాదిస్తాం? మనం అవునంటే ఒప్పుకున్నట్లు, కాదంటే దాచుకుంటున్నట్లు. చెప్పేవాడికి అంత సుఖమైన శాస్త్రాన్ని నేను మరొకదాన్ని చూడలేదు. మారెమ్మకు ఆ మాటల్లో ఒక్క ముక్క అర్థం కాలేదు, కాటా అయిందో లేదోనని కిటికీ వైపు చూస్తోంది. గుమ్మంలో ఉన్న నరసప్పకు మాత్రం తనకు కావలసినంత అర్థమైంది.

మర్నాడు చావడిలో నరసప్ప గొంతు అందరికంటే పైన ఉంది. "పెద్ద సదువు సదివిన సెట్టి, సభలో కూసోబెట్టి నిగ్గదీసి అడిగితే బయటపడె. నాయిన సావాలని కోరుకుంటాందంట. నా సెవుల్తో ఇన్నా" అన్నాడు. అబద్ధం చెప్పాడని అనలేను, విన్నదే చెప్పాడు. ఆ మాట పల్లెలో ఎవరైనా సొంతంగా అని ఉంటే తన్ని ఉండేవాళ్లు. కానీ అన్నది మద్రాసు చదువు. పైగా ఆ వారంలోనే గిడ్డయ్య మంచం పట్టాడు. దగ్గు, జ్వరం. ముసలివాడు, ఈ చలికి కాకపోతే వచ్చే చలికి పడవలసినవాడే. అయినా మాటా జబ్బూ ఒకదాని వెనక ఒకటి వచ్చాయి కదా, ఊరికి అంతకంటే ఏం కావాలి?

బావి దగ్గర ఆమె బిందె కనబడగానే ఆడవాళ్లు పక్కకు జరగడం మొదలుపెట్టారు. ఎప్పుడూ బదులిచ్చే ఇంట్లో గుంటక విరిగిందన్నారు. చావడిలో ఆమె కూర్చుంటే పక్కవాళ్లకు ఇంట్లో పని గుర్తొచ్చి లేచిపోయేవాళ్లు. ఎవరూ తిట్టలేదు, ఎదురుగా ఎవరూ ఏమీ అనలేదు. బాలకృష్ణ చెప్పిన ఆ బరువును నేను కళ్లారా చూసింది అప్పుడే. ఎదురు తిరిగినవాళ్లకే అది తెలుస్తుందని ఆయన అన్నాడు. ఈమె దేనికీ ఎదురు తిరగలేదే! ఊరు చెయ్యమన్నదంతా చేసింది, ఊరు కోరమన్నదే కోరింది.

నేను చావడికి పోయి, అది పుస్తకాల మాట, నమ్మవద్దని చెప్పాను. ఊరి రెడ్డి మర్యాదగానే విన్నాడు.

"పుస్తకాల్లో అబద్దాలు రాస్తారా అయివోరా? మరి నువ్వు మా పిల్లోల్లకి దినామూ సదివించేది యాంది?" అన్నాడు.

మర్నాడు బడిలో మళ్లీ ఆ పుస్తకాలే తెరిపించాను.

మారెమ్మ తనే ఆదోని పోదామంది. అన్నవాడే వచ్చి కాదంటే ఊరు నమ్ముతుందని ఆమె ఆశ. ఇద్దరం పోయాం. బాలకృష్ణ మేడగదిలో ఒంటరిగా కూర్చుని, ఆమె గురించే ఒక వ్యాసం రాసుకుంటున్నాడు. మద్రాసు పత్రిక వాళ్లు అడిగారట. మమ్మల్ని చూసి సంతోషపడ్డాడు, కాఫీ తెప్పించాడు.

"సామీ, ఒక్కసారి మా ఊరికి రా. ఆపొద్దు సెప్పింది ఉత్తమాటని చావడిలో సెప్పి పో. నీ మాటైతే ఇంటారు" అంది మారెమ్మ.

"ఉత్తమాటని ఎలా చెప్పను? అది నిజం. నువ్వు చెడ్డదానివని నేను అనలేదమ్మా. ఆ కోరిక అందరిలోనూ ఉంటుంది. అందులో తప్పు లేదు."

"అందురిలోనూనా?"

"అందరిలోనూ."

"నీలో గూడానా సామీ?"

బాలకృష్ణ శాస్త్రం చదివినవాడు, కాదనలేడు. "నాలోనూ" అన్నాడు.

మారెమ్మ ముఖంలోకి ఒక్కసారిగా వెలుగు వచ్చింది. "అట్లయితే అదే సెప్పు సామీ! మా నాయన సావాలని నాకూ ఉంది, ఇది అందురికీ ఉండేదే అని మా చావడిలో సెప్పు. సెట్టి కొడుక్కే ఉంటే మారెమ్మకుంటే ఏమిలే అనుకుంటారు. నన్ను ఇడ్సిపెడతారు. నాకు కుండ ఇస్తారు."

కింద మండీలో రంగనాయకులు శెట్టి ఎవరితోనో ధర మాట్లాడుతున్న గొంతు వినబడుతోంది. బాలకృష్ణ లేచి, తలుపు దగ్గరగా వేసి వచ్చాడు.

"అది వేరు. మా నాన్నగారు ఊళ్లో పరువుగల మనిషి. ఆయన చెవిన పడితే ఏం బాగుంటుంది? పైగా పెళ్లి సంబంధాలు చూస్తున్నారు. నీకు చెప్పినా అర్థం కాదు" అన్నాడు మెల్లగా.

"మా నాయనా పరువు మనిసే సామీ" అంది ఆమె.

ఆయన తీరిక చూసుకుని వస్తానన్నాడు, ఎప్పుడో చెప్పలేదు. మారెమ్మ కాఫీ ముట్టకుండా లేచింది. మెట్ల దగ్గర ఆయన నా భుజం మీద చేయి వేసి, "చూశారా పంతులుగారూ, నిజాన్ని మనసు ఎంత గట్టిగా కాదంటుందో! శాస్త్రంలో చెప్పినట్లే ఉంది" అన్నాడు. నాకు ఆయన చెంప పగలగొట్టాలనిపించింది. ఆ కోరిక మాత్రం నా పాతరలో లేదు, పైనే ఉంది.

ఆయన రాలేదు. గిడ్డయ్య రోజురోజుకూ దిగజారాడు. మారెమ్మ కుండ పట్టుకుంటే పాడె మోయడానికి ఊళ్లో ఎవరూ రారని పెద్దలు తీర్మానించి, ఆ మాట ముసలాయన మంచం దగ్గరికే వచ్చి చెప్పి పోయారు. నేను ఆ సాయంత్రం అక్కడే ఉన్నాను. వాళ్లు పోయాక గిడ్డయ్య కూతుర్ని దగ్గరికి పిలిచాడు.

"అప్పా, నువ్వు అట్ల అంటివా?"

"నిన్ను నేనే మట్టి సెయ్యాల అంటి. నువ్వు నేర్పిందే గదా నాయనా!"

"నాకు తెలుసు. నువ్వు నా సావు కోరవు, నాకు తెలుసు" అన్నాడు. ఆమె ఆయన కాళ్లు పట్టుకుని కూర్చుంది. ఆయాసం తగ్గాక మళ్లీ అన్నాడు. "నాకు తెలిస్తే ఏం సేసేది? ఊరికి తెలీదు గదా. నువ్వు కుండ పడితే నలుగురు రారంట. నన్ను మోసేదెవురు? ఒక్కదానివి ఈడ్సుకపోతావా? నరసప్పకియ్యి అప్పా కుండ. నరసప్పకియ్యి."

ఆయన ఊరి మాట నమ్మి ఉంటే అదొక రకం. కూతురు ఎలాంటిదో తెలిసి తెలిసి అలా అన్నాడు. గిడ్డయ్య మీద నాకు ఇప్పటికీ కోపమే, చచ్చినవాడి మీద కోపమేమిటని ఎవరైనా అంటే అనుకోనీ. కొడుకు లేనివాడంటారని భయపడి కూతురి బతుకును కత్తికి కట్టాడు. నలుగురు మోయరేమోనని భయపడి ఆ కూతుర్నే వదిలేశాడు. రెండుసార్లూ ఆయన తలలో మాట్లాడింది ఊరి గొంతే.

ఉగాదికి ముందు గిడ్డయ్య పోయాడు. నరసప్ప కుండ పట్టాడు, నరసప్పే మొదటి మన్ను వేశాడు. కూతుళ్లు ఆడవాళ్లలో నిలబడి ఏడుస్తారు. మారెమ్మను ఆడవాళ్లు తమలో చేరనివ్వలేదు, బసివి కదా, కొడుకు వరస. మగవాళ్ల దగ్గరికి పోవడానికి లేదు. ముళ్లకంప పక్కన ఒక్కతే నిలబడింది. గట్టిగా ఏడవలేదు, ఆమె ఎంత ఏడవాలో ఊరు చెప్పలేదు. అందరూ కదిలాక గుంత దగ్గరికి వస్తే, అప్పటికే పూడ్చడం అయిపోయి నరసప్ప పార కడుక్కుంటున్నాడు.

కుండ పట్టినవాడిదే పొలమన్నారు పెద్దలు. మారెమ్మ అడ్డు చెప్పలేదు. బాలకృష్ణకు ఆ ఏడే పెళ్లయింది, మండీలో కూర్చున్నాడు, ఆదివారం సభలు ఆగిపోయాయి. అంతకుముందే వ్యాసం అచ్చయింది. ఒక ప్రతి నాకు పంపాడు. బసివి పద్ధతిలో సమాజం వ్యక్తిని ఎట్లా నలిపేస్తుందో కళ్లు చెమర్చేలా రాశాడు. తండ్రి పోయాక ఆమె ఎవరితోనూ మాట్లాడటం లేదని ఎవరో చెబితే విన్నాడేమో, లోపలి అపరాధానికి అది గుర్తని చివర్లో చేర్చాడు. ఆ కాగితాలతో పొయ్యి రాజేసుకున్నాను.

తర్వాత నన్ను ఎమ్మిగనూరుకు మార్చారు. యుద్ధం రోజులు, నూలు దొరక్క సగం మగ్గాలు ఆగి ఉన్నాయి. ఒకనాటి మధ్యాహ్నం సాలెవాళ్ల వీధిలో పోతుంటే, అద్దకం వేసిన నూలు చిలపలు పిండి దండేల మీద ఆరేస్తున్న కూలిమనిషి నన్ను పలకరించింది. రుమాలు లేదు. జుట్టు నెరిసింది. మోచేతుల దాకా నీలిరంగు. పలకరించకపోతే మారెమ్మను గుర్తుపట్టేవాణ్ణి కాదు. బాగున్నావా అంటే బాగుండానంది. ఎన్నాళ్ల నుంచో చెప్పాలనుకున్నది చెప్పాను. "నీ తప్పేమీ లేదు మారెమ్మా. వాళ్లంతా కలిసి నీకు అన్యాయం చేశారు."

ఆమె చిలప పిండుతూనే ఉంది.

"ఒక సంగతి నీకు సెప్పలేదు అయివోరా. కడాకి మా నాయన దగ్గలేక దగ్గలేక అల్లాడతాండె. సూడలేకపోతి. పో నాయనా, ఇంగ పో, అనుకుంటి. బయటికి అనలేదు, మనసులోనే. ఆపొద్దే పోయినాడు."

"అది జాలి. ఎవరైనా అలాగే అనుకుంటారు. నేను మా అమ్మకు అనుకున్నాను" అన్నాను.

"జాలే అనుకుంటి నేనూ. కానీ మనకి తెలీకుండా లోపల ఉంటాదని ఆ సామి సెప్పినాడు గదా. ఉండెనేమో! ఎప్పట్నుంచో ఉండెనేమో. నన్ను కుండ పట్టనీకపోయింది మేలేనేమో."

"లేదు!" అని గట్టిగా అరిచాను. వీధిలో వాళ్లు తిరిగి చూశారు. "నీలో అలాంటి కోరిక ఎప్పుడూ లేదు. నాకు తెలుసు."

మారెమ్మ చేతిలోని చిలపను దండెం మీద వేసి, ముడతలు సర్దింది. నా మీద జాలిపడినట్లు చూసింది.

"నాకే తెలీనిది నీకెట్ల తెలుస్తాది అయివోరా?"